నాలుగేళ్ళు వాడిన సెకండ్ హ్యాండ్ కారు, ఒక్క పూట చూసిన రిసార్టు

మా కారు స్పీడోమీటరు మీద పెద్ద అంకెలు మైళ్ళవి. కిలోమీటర్లు వాటి లోపలివైపు చిన్నగా, కళ్ళజోడు పెట్టుకుంటే కనబడేట్టు ఉంటాయి. 2021 జూలైలో షార్జాలో ఆ బండి కొన్న రోజు అది చూసి మేమిద్దరం ముచ్చటపడ్డాం. ఆ మైళ్ళు ఏం చెబుతున్నాయో అర్థం కావడానికి పది నెలలు పట్టింది.

మాది కాకినాడ. ఉద్యోగాలు దుబాయ్‌లో, కాపురం షార్జా అబూ షగారాలో. అద్దె తగ్గుతుందని మాలాగే చాలామంది ఇక్కడుండి అక్కడికి వెళ్ళొస్తుంటారు. తగ్గిన అద్దెని ట్రాఫిక్‌లో కట్టేస్తాం, అది వేరే సంగతి. డ్రైవింగ్ లైసెన్స్ నాకు రెండో టెస్టుకే వచ్చింది. మా ఆయన నాలుగుసార్లు రోడ్ టెస్టుకి వెళ్ళి, ఇంకా ఆ ఫైలు నడుపుతూనే ఉన్నారు. కాబట్టి ఈ సమీక్ష డ్రైవర్ సీట్లోంచి నేను రాస్తున్నది. పక్క సీట్లో కూర్చుని ప్రతి ఖర్చూ నోటుబుక్కులో ఎక్కించింది ఆయన. అకౌంట్స్‌లో పని, చెయ్యి ఊరుకోదు.

బండి ఏ కంపెనీదో చెప్పను. జపాన్ పేరున్న సెడాన్, 2014 మోడల్, 1.8 లీటర్ ఇంజన్, ఆటోమేటిక్. ప్రకటనలో 'సింగిల్ ఓనర్, ఫ్యామిలీ వాడిన బండి, దేశం వదిలి వెళ్తున్నాం, అర్జెంట్' అని ఉంది. 19,500 దిర్హాంలు. అప్పటి రేటుకి మన డబ్బుల్లో నాలుగు లక్షలకి కాస్త తక్కువ. కాగితాల పని రెండు గంటల్లో అయిపోయింది: టెస్టింగ్ సెంటర్లో పాసింగ్, నా పేరు మీద ఇన్సూరెన్స్, చేతికి ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు. ఇంత తేలిగ్గా అయ్యేసరికి బండి కూడా అంతే తేలిగ్గా ఉంటుందనుకున్నాం. పాసింగ్ అంటే ఆ రోజుకి బ్రేకులు, లైట్లు, టైర్లు సరిగ్గా ఉన్నాయని మాత్రమే. ఏసీ ఆగస్టు దాకా నిలుస్తుందా అన్నది వాళ్ళు చూడరు, వాళ్ళ పని కాదు కూడా.

మూడు వారాలు ఏసీ మంచులా పనిచేసింది. అమ్మినాయన గ్యాస్ నింపించి ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఆగస్టు మొదట్లో ఒక వింత మొదలైంది. బండి కదులుతుంటే చల్లగాలి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. అబూ షగారా నుంచి అల్ ఖుసైస్‌లో మా ఆయన ఆఫీసుకి పది కిలోమీటర్లు కూడా ఉండదు, పొద్దున పూట యాభై నిమిషాలు పడుతుంది. ఆ యాభైలో బండి కదిలేది పదిహేను. మిగతా ముప్ఫై ఐదు నిమిషాలు కిటికీలు దించితే బయటి వేడి, ఎత్తితే లోపలి వేడి. మా ఆయన ఆఫీసు చొక్కా బ్యాగులో పెట్టుకుని బనీనుతో కూర్చునేవారు, దిగే ముందు తొడుక్కునేవారు. దగ్గర్లోని ఒక షాపువాళ్ళు మూడుసార్లు గ్యాస్ నింపారు, సారికి 120 దిర్హాంలు. మూడుసార్లూ 'ఇంక ఢోకా లేదు మేడమ్' అన్నారు.

చలికాలం వచ్చి మా అమాయకత్వాన్ని కాపాడింది. 2022 మేలో కంప్రెసర్ గీ అని అరిచి మూగబోయింది. అప్పుడే ఎవరో సనయ్యలో ఒక తెలుగు మెకానిక్ ఉన్నాడని చెప్పారు. సనయ్య అంటే ఇండస్ట్రియల్ ఏరియా, ఇక్కడ అందరూ అలాగే అంటారు. జగిత్యాల వైపు అబ్బాయి. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు.

"అక్కా, గీ బండి కొనేముందు ఎవరికన్న చూపెట్టిన్రా?"

చూపించలేదు.

"ఇది అమెరికా బండి. ఆడ దెబ్బతాకి తుక్కు కింద అమ్మితే, ఈడికి తెచ్చి రిపేర్ జేసిన్రు. గ్యాస్ నింపుడు దండుగ. ఫ్యాన్ సక్కగ తిరుగుతలేదు, అందుకే కంప్రెసర్ మీద బరువు వడ్డది."

ఛాసిస్ నంబరు 1తో మొదలైందని చూపించాడు. జపాన్‌లో తయారైతే జె అక్షరంతో మొదలవుతుందట, అంకె 1 అంటే అమెరికా. ముందు బంపర్ పక్కల నారింజ రంగు బిళ్ళలు, మైళ్ళ మీటరు, అన్నీ అదే చెబుతున్నాయి. కుడివైపు మడ్‌గార్డ్ లోపల వెల్డింగ్ గీత కూడా కనబడింది. గల్ఫ్ దేశాల కోసం తయారుచేసే బండ్లని ఇక్కడ 'జీసీసీ స్పెక్' అంటారు. ఈ ఎండకి తగ్గట్టు వాటి రేడియేటరూ ఏసీ గట్టిగా ఉంటాయి. అమెరికా నుంచి వచ్చినవి అదే కంపెనీవి, అదే రంగువి, చూడ్డానికి తేడా ఉండదు. ధర మాత్రం నాలుగైదు వేలు తక్కువుంటుంది. మేం అది బేరం అనుకున్నాం.

అమ్మినాయన మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆయన చెప్పినవేవీ పూర్తి అబద్ధాలు కావు. సింగిల్ ఓనర్ నిజమే, ఈ దేశంలో. అంతకు ముందు ఏ దేశంలో ఎవరు నడిపారో మేం అడగలేదు. ఛాసిస్ నంబరు పెడితే పాత యాక్సిడెంట్ల చరిత్ర ఆన్‌లైన్‌లో కొద్ది డబ్బుకి దొరుకుతుంది. ఆ పని నేను కారు కొన్న పది నెలలకి చేశాను. ఫోటోలో మా కారు ముక్కు పచ్చడై ఒక యార్డులో నిలబడి ఉంది. పెళ్ళయ్యాక అవతలివాళ్ళ సంగతులు తెలిసినట్టే.

స్క్రాప్ నుంచి తెచ్చిన పాత కంప్రెసర్ 900 దిర్హాంలకి వేశాడు. కొత్తది వేద్దామన్నాడు, మేమే వద్దన్నాం. అది పద్నాలుగు నెలలు నడిచి, 2023 జూలైలో పోయింది. ఈసారి బుద్ధిగా కొత్త కంప్రెసరూ కొత్త ఫ్యానూ కలిపి 1,400 పెట్టాం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏసీ ఒక్కరోజు మొరాయించలేదు. మొదటే ఆ పని చేసి ఉంటే తొమ్మిది వందలూ మూడు గ్యాసులూ మిగిలేవి.

ఈ మధ్యలో గేర్‌బాక్స్. 2022 డిసెంబరులో స్నేహితులతో జెబెల్ జైస్ బయల్దేరాం. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ అదే, రాస్ అల్ ఖైమాలో ఉంటుంది, శిఖరం ఎత్తు 1,934 మీటర్లు. రోడ్డు అద్దంలా ఉంటుంది, మలుపులు మన అరకు ఘాట్ రోడ్డుని గుర్తుచేస్తాయి, చెట్టు మాత్రం ఒక్కటుండదు. సగం కొండ ఎక్కాక ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకి రావట్లేదు. కాలిన వాసన. మా ముందు వెళ్ళిన స్నేహితులు పైన మంట వేసుకుని చికెన్ కాల్చుకుంటున్న ఫోటోలు పంపుతుంటే, మేం కింద రాతిగోడ మీద కూర్చుని, పాడైన బండిని ఎక్కించుకెళ్ళే రికవరీ లారీ కోసం చూశాం. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి. తీసినప్పుడు కషాయంలా ఉంది. రికవరీకి 350, గేర్‌బాక్స్ పనికి 2,600. మరో మూడు నెలలకి రేడియేటర్ కారితే ఇంకో 750. రెండుసార్లు బ్యాటరీ మార్చాం, ఒక్కోటి 320. ఈ వేడికి బ్యాటరీ రెండేళ్ళు బతికితే గొప్ప. అది మా బండి తప్పేమీ కాదు.

ఇక 2024 ఏప్రిల్ 16. ఆ రోజు కురిసిన వాన ఈ దేశంలో రికార్డులు మొదలైన 1949 నుంచీ ఎప్పుడూ లేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఇరవై నాలుగు గంటలు కూడా గడవకుండానే 254.8 మిల్లీమీటర్లు పడింది. షార్జాలో మా వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. కారు ఇసుక పార్కింగ్‌లో ఉంది. నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే తలుపుల కింది అంచు మునిగిపోయింది. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళం, వరద చూడనివాళ్ళం కాదు. కానీ ఎడారిలో మన కారు నీళ్ళలో నిలబడి ఉంటే ఏం చెయ్యాలో తోచలేదు. జగిత్యాల అబ్బాయికి ఫోన్ చేశాను.

"స్టార్ట్ చెయ్యకుండ్రి అక్కా! ఇంజన్లకు నీళ్ళు వోతే ఇంక తుక్కే."

మా పక్కింటాయన స్టార్ట్ చేశారు. ఆయన బండి ఇంజన్ అక్కడే పట్టేసింది. మాది ఆరు రోజుల తర్వాత రికవరీ దొరికి సనయ్యకి చేరింది. సీట్లు, కార్పెట్లు విప్పి ఎండబెట్టి, సీట్ల కింది వైర్ల కనెక్షన్లు శుభ్రం చేసి, రికవరీతో కలిపి 1,850 అయింది. ఇన్సూరెన్స్ ఎందుకు ఇవ్వలేదంటే మాది థర్డ్ పార్టీ. పాత బండి కదా, ఎందుకు దండగ అని ఏటా నాలుగైదు వందలు మిగుల్చుకున్నాం. వరదలో మన బండికి ఏమైనా అందులో పైసా రాదు. బండి లోపల తడి వాసన మాత్రం ఇప్పటికీ ఉంది. అగరుబత్తి, కర్పూరం, కాఫీ గింజలు, అన్నీ అయ్యాయి.

మా ఆయన నోటుబుక్కు ప్రకారం టైర్లకి పెట్టిన 920తో కలిపి రిపేర్ల మొత్తం 9,770 దిర్హాంలు. కొన్న ధరలో సగం దాటింది. ఇందులో పెట్రోలు లేదు. 2022 జూలైలో స్పెషల్ 95 లీటరు 4.52 అయినప్పుడు ఆ పేజీ చివర ఆయన ఒక ఏడుపు బొమ్మ గీశారు, మా కాపురంలో ఆయన వేసిన ఏకైక బొమ్మ అదే.

అయినా నాలుగేళ్ళలో 44,000 మైళ్ళు, అంటే డెబ్భై వేల కిలోమీటర్లు తిప్పాం. రోజూ ఇద్దరం ట్యాక్సీలో వెళ్ళొస్తే అయ్యే ఖర్చు ముందు ఈ రిపేర్లు లెక్కలోకి రావు. సీట్లు మెత్తన, డిక్కీ పెద్దది, కాకినాడ నుంచి వచ్చే అత్తగారి ఆవకాయ జాడీలతో సహా ఎయిర్‌పోర్టు నుంచి అన్నీ పట్టాయి. 2023లో ఏసీ బాగయ్యాక నిజానికి బండి పెద్దగా విసిగించలేదు, వరద సంగతి పక్కన పెడితే. నమ్మకమే రాలేదు. జైస్ తర్వాత మళ్ళీ కొండదారి పట్టలేదు. ఎవరు ఎక్కడికి పిలిచినా 'మా బండి ఒప్పుకోదు' అనేవాళ్ళం.

ఈ ఏడాది, 2025 జూన్‌లో, బక్రీద్ సెలవులకి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాం. ఫుజైరా తీరంలో ఒక రిసార్టు డే పాస్ కనబడింది. ఇద్దరికి 390 దిర్హాంలు, అందులో 200 అక్కడి తిండికి వాడుకోవచ్చు. ప్రైవేట్ బీచ్, రెండు స్విమ్మింగ్ పూల్స్, కొబ్బరాకుల గొడుగులు. ఫోటోలో నీలం సముద్రం, ఒక్క మనిషి లేడు. ఒక్క మనిషి లేని చోటు ఈద్ సెలవుల్లో ఎక్కడుంటుందని అనుమానం రావాలి. రాలేదు.

ముందు రోజు రాత్రి పులిహోర కలిపాను, దద్దోజనం కలిపాను, దారిలోకి చేగోడీలు. మెకానిక్ దగ్గరికెళ్ళి కూలెంట్, గేర్ ఆయిల్, బెల్టులు అన్నీ చూపించాను. మే 24న స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు కాచిన ఎండ అది, ఊరికే బయల్దేరే ధైర్యం లేదు. "పోయిరాండ్రి అక్కా, బండికేం గాదు" అన్నాడు.

పొద్దున ఆరున్నరకి ఖోర్ ఫక్కాన్ రోడ్డెక్కాం. 2019లో తెరిచిన దారి, 89 కిలోమీటర్లు, కొండల్ని తొలిచి ఐదు సొరంగాలు వేశారు. నా ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను టెంపరేచర్ ముల్లు మీద. ఎత్తు వచ్చినప్పుడల్లా మా ఆయన "ఏసీ ఆపనా?" అనేవారు. ఆపలేదు. ముల్లు సగం దగ్గర కదలకుండా కూర్చుంది. అల్ రఫీసా డ్యామ్ దగ్గర ఆగి కరక్ చాయ్ తాగాం. కొండల మధ్య నీళ్ళు, బాతులు, అప్పటికింకా జనం లేరు. అక్కడే రోజంతా ఉండిపోయి ఉండాల్సింది.

ఎనిమిదీ నలభైకి రిసార్టు గేటు. డే పాస్ వాళ్ళకి పదింటి నుంచే ప్రవేశమట, బుకింగ్‌లో ఆ మాట లేదు. గంటా ఇరవై నిమిషాలు కార్లోనే కూర్చున్నాం. పదికి క్యూ, బ్యాగుల తనిఖీ. బయటి తిండి నిషేధం. సెక్యూరిటీ అబ్బాయి మలయాళీ, పాపం నెమ్మదిగానే చెప్పాడు. పులిహోర, దద్దోజనం మళ్ళీ డిక్కీలోకి వెళ్ళాయి.

చేతికి కాగితపు బ్యాండ్ కట్టాక, డబ్బు తీసుకున్నాక, లోపలికి నాలుగడుగులు వేశాక బీచ్ మీద ఎర్రజెండా కనబడింది. అలలు పెద్దవిగా ఉన్నాయి, మోకాలి లోతు కూడా దిగనివ్వట్లేదు. జెండా పెట్టడం తప్పని నేననను. లైఫ్ గార్డులు వాళ్ళ పని వాళ్ళు చేశారు, సముద్రం ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ ఆ జెండా పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, గేటు దగ్గరున్న వాళ్ళకి తెలుసు. బ్యాండ్ కట్టకముందు ఒక్క మాట చెబితే మేం ఆలోచించుకునేవాళ్ళం.

పడక కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్ళు. గదుల్లో దిగినవాళ్ళు తెల్లారే వచ్చి పరిచేసి, టిఫిన్‌కి వెళ్ళిపోయారు. పూల్ దగ్గరికెళ్తే ఆపారు. నేను వేసుకున్నది కాటన్ లెగ్గింగ్స్, పొడుగు టీషర్టు. స్విమ్మింగ్ కోసం కుట్టిన బట్ట అయితేనే దిగాలి. మా ఆయన నిక్కరు కూడా కాటనే. నియమం సబబైనదే, కాటన్ పోగులు ఫిల్టర్లో ఇరుక్కుంటాయంటారు. ముందే రాస్తే ఇంట్లో ఉన్నవి తెచ్చుకునేవాళ్ళం కదా. విచిత్రంగా వాళ్ళ షాపులో అన్ని సైజులూ ఉన్నాయి. నాది 145, ఆయనది 85. కొని, బట్టలు మార్చుకునే గది ముందు ఇరవై నిమిషాలు నిలబడి, చివరికి నీళ్ళలో దిగాం. వేన్నీళ్ళు! చల్లబరిచే మిషన్ ఒక్క పూల్‌కే ఉంది, అది గదుల వాళ్ళకి. మాకిచ్చిన దాంట్లో చుట్టూ పిల్లలు, సన్‌స్క్రీన్ జిడ్డు తెట్టు కట్టిన నీళ్ళు. తలంటు పోసుకోవడానికి సరిపోయే వేడి, కుంకుడుకాయల రసం ఒకటే తక్కువ.

తిండి 200 సంగతి. బఫేలో చెల్లదు, పూల్ పక్క కౌంటర్లోనే చెల్లుతుంది. రెండు జ్యూసులు 76, ఒక శాండ్‌విచ్ 79, ఒక ప్లేటు వేపుడు బంగాళాదుంపలు 45. సరిగ్గా 200. ధరలు వేసినవాడు మా ఆయన కన్నా మంచి అకౌంటెంట్. గంటా పది నిమిషాలకి వచ్చాయి. మంచినీళ్ళ సీసాకి 22 వేరే.

రిసెప్షన్‌లో అడిగితే ఒక అమ్మాయి ఓపిగ్గా విన్నది. సెలవుల రద్దీ మేడమ్, మేనేజర్ లేరు, డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి లేదు, వచ్చేసారి పది శాతం తగ్గిస్తాం అన్నది. ఆమె కళ్ళ కింద నలుపు చూసి ఎక్కువ మాట్లాడలేకపోయాను. కుర్చీలెన్ని, అమ్మిన పాసులెన్ని అన్న లెక్క ఆమె వేసింది కాదు.

రెండున్నరకి బయటికొచ్చేశాం. కారు తలుపు తీస్తే కుంపటి. స్టీరింగ్ పట్టుకోవడానికి కొత్త స్విమ్మింగ్ బట్టలు పనికొచ్చాయి. ఏసీ వేశాను. ఐదు నిమిషాల్లో కారు లోపల చలి. డిక్కీలోంచి డబ్బాలు తీశాం. దద్దోజనం పులిసి పొంగింది, అది పోయింది. పులిహోర మాత్రం చెక్కుచెదరలేదు, వేడికి ఇంకాస్త ఊరింది కూడా. ఆ పార్కింగ్‌లో, ఏసీ నాలుగు మీద పెట్టుకుని, ఇద్దరం డబ్బా ఖాళీ చేశాం. ఆ రోజు మేం కూర్చున్న చోట్లన్నిటిలో చల్లనిది, కూర్చోవడానికి కుర్చీ ఉన్నది, బయటి తిండి రానిచ్చింది అదొక్కటే. పొద్దుటి సెక్యూరిటీ అబ్బాయి అటుగా వచ్చి ఇంజన్ ఎందుకు నడుస్తోందా అని తొంగిచూశాడు. కాగితం ప్లేటులో పెట్టి ఇచ్చాను. వేరుశనగపప్పులు ఏరుకుని ముందు అవి తిన్నాడు.

తిరిగొస్తూ అల్ బిద్యా మసీదు దగ్గర ఆగాం. ఈ దేశంలో మిగిలిన మసీదుల్లో అన్నిటికన్నా పాతదంటారు, 1446 ప్రాంతంలో కట్టిందట. మట్టీ రాయీ, పైన నాలుగు చిన్న గుమ్మటాలు, లోపల వాటన్నిటినీ మోసే ఒకే ఒక్క స్తంభం. కప్పుకోవడానికి అబాయా వాళ్ళే ఇచ్చారు. టికెట్ లేదు. లోపల ఫ్యాన్ గాలికి పది నిమిషాలు నిలబడ్డాం, మా ఆయన ఆ స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగారు.

సాయంత్రం సొరంగాల్లోంచి వస్తుంటే ముల్లు మళ్ళీ సగం దగ్గరే. మా ఆయన దీపం వెలిగించుకుని నోటుబుక్కు రాస్తున్నారు. రిసార్టు పేజీలో 390, 230, 22. కారు పేజీలో పెట్రోలు తప్ప ఏమీ లేదు.

వచ్చే నెల పాసింగ్ ఉంది. నిన్న సాయంత్రం టైర్లు చూశాను. 2022లో కొత్తవని చెప్పి వేసిన నాలుగింటి మీదా 2320 అని ఉంది, అంటే 2020లో ఇరవై మూడో వారం తయారీ. రెండేళ్ళ పాత సరుకు అంటగట్టారన్నమాట, నేను అప్పుడూ చూసుకోలేదు. ఐదేళ్ళు దాటిన టైర్లతో ఇక్కడ పాసింగ్ అవదు. సనయ్యకి ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మన్నాడు.